వరండాలో పురుగులు: వీధి దీపం తీయించాలా, గోడలకు మందు కొట్టించాలా?

గట్టుపక్క ఇల్లు:
మాది పాలకొల్లు దగ్గర ఊరు. పెరటి గోడ దాటితే వరిచేనే. వేసవిలో మా సందు చివరి స్తంభానికి తెల్లటి ఎల్‌ఈడీ దీపం బిగించారు. అప్పుడు అందరం సంబరపడ్డాం. ఇప్పుడు సార్వా చేను పొట్ట మీద ఉంది. పొద్దుగూకితే చాలు, వరిని పీల్చే పురుగులన్నీ ఇంట్లోనే: కంచంలో పచ్చదీపపు పురుగులు, నీళ్ళ బిందెలో సుడిదోమ. అట్లతద్ది మర్నాడు మా చిన్నవాడి మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రటి చార తేలింది. అత్తయ్య గారు సర్పి అని జేగురు పూశారు. డాక్టరు గారు చూసి, ఏదో పురుగును మెడ మీదే నలిపేశాడు, అదీ సంగతి అన్నారు. మా వారేమో దీపం తీయించమని పంచాయతీకి అర్జీ పెడదామంటున్నారు. నాకు మాత్రం ఇంటికి మందు కొట్టించడమే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

రెండెకరాల కౌలు:
మందే కొట్టించండి. పోయిన ఏడు పొలానికి తెచ్చినదాంట్లో కాస్త మిగిలితే వరండా గోడలకు, కిటికీలకు కొట్టేశాను. నాలుగు రోజులు పురుగు జాడ లేదు.

చెరువుగట్టు:
నాలుగు రోజులు. అయిదో రోజు సంగతి రాయలేదేమండీ? పొలం మందు ఇంటి గోడలకు కొట్టడమేమిటి, పిల్లలు ఆ గోడలకే ఆనుకుని కూర్చుంటారు కదా! పైగా వాన పడితే ఆ గోడ కడిగిన నీళ్ళు బోదెలోకి, బోదెలో నుంచి నాలాంటివాడి చెరువులోకి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి మందులు చేపలకు విషం, రొయ్యకైతే మరీను. రొయ్యకూ పురుగుకూ చుట్టరికం దగ్గరిదే. మీ సుడిదోమను చంపేది నా రొయ్యను వదిలిపెడుతుందా?

మారుటేరు దారి:
ముందు పిల్లవాడి మెడ సంగతి. సెంటీమీటరుకు మించని పొడుగు, చీమలాంటి నడక, నల్లటి తల, నారింజ రంగు మెడ, నీలి రెక్కల ముక్క, నల్లటి తోక కొన. అదేనేమో చూడండి. శాస్త్రంలో పెడిరస్ అంటారు. అది కుట్టదు, కరవదు. దాని ఒంట్లో పెడిరిన్ అనే రసం ఉంటుంది. నలిపితేనే ఆ రసం చర్మానికి అంటి కాలుస్తుంది. మచ్చ ఒకటి రెండు రోజులు ఆగి తేలుతుంది కాబట్టి పురుగు పాకిన సంగతి ఎవరికీ గుర్తుండదు, నింద సర్పి మీదకో బల్లి మీదకో పోతుంది. ఒంటి మీద వాలితే ఉఫ్ అని ఊదేయాలి, చేత్తో కొట్టకూడదు. నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్ళు నులమకూడదు.

తమాషా ఏమిటంటే, మీ బిందెలో పడ్డ సుడిదోమను చేలో తినేవాటిలో ఈ పురుగూ ఒకటి. కౌలు రైతు గారికి కోపం వస్తుందేమో కానీ ఒక మాట చెప్పాలి. సైపర్‌మెత్రిన్ జాతి మందులు చేలో కొడితే ముందు సాలీళ్ళు, మిత్రపురుగులు పోతాయి, ఆ వెనక సుడిదోమ రెట్టింపు ఉధృతితో తిరిగి వస్తుంది. మందు జోలికి పోకముందే చేలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని, అప్పుడప్పుడు చేను ఆరబెట్టమని మనకు చెప్పేది అందుకే. ఇంట్లో కొట్టినా ఇవాళ వాలినవే చస్తాయి. ఎకరాల చేను రేపు మళ్ళీ పంపుతుంది. గాలి ఆడని ఉక్క రాత్రి, అందులోనూ వెన్నెల లేకపోతే, దీపం దగ్గరకు మరీ ఎక్కువ వస్తాయి. రాబోయేది దీపావళి అమావాస్య. సిద్ధంగా ఉండండి.

రెండెకరాల కౌలు:
కోపమేమీ లేదు. కాలిబాటలు తీసిన చోటా ఈ ఏడు దోమ ఉంది, అది కూడా రాయండి.

కొబ్బరితోట కోడలు:
దీపం తీయించండి అనేవాళ్ళు మా సందులో రాత్రి తొమ్మిదికి ఒకసారి నడిచి చూడండి. చేలో నీరు నిలిచినన్నాళ్ళూ పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళ వైపే వస్తాయి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. మెడ మీద చార కొన్నాళ్ళకు మానుతుంది. కట్లపాము కాటుకు ఆసుపత్రికి పరుగే.

ఒహాయో చెల్లెలు:
నాది తణుకు, ప్రస్తుతం అమెరికాలో ఉన్నాను. ఇక్కడ ఈ నెలలో మా గోడ ఎండ తగిలే వైపంతా అక్షింతల పురుగులే. మన మినుము చేలో పేనుబంకను తినే జాతి చుట్టాలే ఇవీను. ఆ పని కోసమే ఆసియా నుంచి తెచ్చి వదిలారట, ఇప్పుడు చలి తప్పించుకోవడానికి ఇళ్ళలో దూరుతున్నాయి. వీటినీ నలపకూడదు, పసుపు రంగు కంపు రసం కార్చి గోడకు మరక పెడతాయి. పగుళ్ళు పూడ్చి, లోపలికి వచ్చినవాటిని వాక్యూమ్‌తో లాగేస్తాం. మన ఊళ్ళో అదెక్కడిది కానీ, చీపురు, చేట ఉన్నాయి కదా!

కరెంటు పని:
తీయడమా ఉంచడమా అని కొట్టుకోవడం దేనికండీ? నీలం వంతు ఎక్కువగా ఉన్న తెల్లటి వెలుగుకు పురుగు ఎక్కువ వస్తుంది, పసుపు వెలుగుకు తక్కువ. అసలు రావని చెప్పను. బల్బు మార్చి, వెలుగు చేలోకి పోకుండా రేకు గొడుగు పెడితే దారి కనిపిస్తుంది, చేను చీకట్లో ఉంటుంది. వరండాలోనూ అదే బల్బు వేసుకుని, కిటికీలకు సన్నటి జాలీ కొట్టించండి. దోమల జాలీ కన్ను పెద్దది, సుడిదోమ దూరిపోతుంది.

కొబ్బరితోట కోడలు:
పసుపు వెలుగులో పాము కనిపిస్తుందంటే నాకు అభ్యంతరం లేదు.

గట్టుపక్క ఇల్లు:
మూడు రాత్రులు చూసి రాస్తున్నాను. వరండాకు పసుపు బల్బు వేసి, తెల్ల బల్బును దూరంగా పశువుల పాక మూలకు మార్చి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టాం. మందు కొట్టించలేదు. కంచంలో పురుగులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. పళ్ళెం మాత్రం నిండుతోంది. స్తంభం దీపం రంగు మార్చడానికి ఎదురింటి వాళ్ళు ఒప్పుకోవడం లేదు, పోయిన ఏడు చీకట్లో వాళ్ళ సైకిలు పోయిందట.

మారుటేరు దారి:
పాక బల్బు పొద్దుగూకాక రెండు మూడు గంటలు వెలిగితే చాలు, తెల్లవార్లూ ఉంచకండి. ఆ పళ్ళెంలో మిత్రపురుగులూ పడతాయి.

చెరువుగట్టు:
మందు కలవని పళ్ళెమైతే పారబోయకండి. రొయ్యల చెరువు పక్కన నాకో చేపల గుంట ఉంది, పొద్దున్నే మనిషిని పంపుతాను.