గోబ్లిన్లతో చేతులు కలపకుండా మింథారా మన పార్టీలోకి వస్తుందా? (బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్, స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిపూట_ప్యాలడిన్

మొదటి అంకంలోనే ఉన్నాను. నాది ఓత్ ఆఫ్ డివోషన్ ప్యాలడిన్ (ధర్మం తప్పనని ప్రమాణం చేసిన యోధుడు), లెవెల్ 4. గోబ్లిన్ క్యాంపులోకి మాటలతోనే దూరాను, ఇంకా ఎవరి మీదా కత్తి దూయలేదు. లోపల వాళ్ల సేనాధిపతి మింథారా ఎదురై గ్రోవ్ (డ్రూయిడ్లు, కొమ్ములుండే టీఫ్లింగ్ జాతి శరణార్థులు తలదాచుకున్న వనం) ఎక్కడుందో చెప్పమంటోంది. ఆ పొగరు, ఆ గొంతు చూశాక ఈమె నా పార్టీలో ఉండి తీరాల్సిందే అనిపించింది. కానీ గ్రోవ్ మీద దాడి చేస్తే నా సహచరులు కార్లాక్, విల్ ఇద్దరూ పార్టీ వదిలి పోతారట. కార్లాక్‌ని వదులుకోవడం నా వల్ల కాదు.

ఇంకో తలనొప్పి మా పార్టీ క్లెరిక్ (మంత్రాలతో వైద్యం చేసే పూజారిణి) షాడోహార్ట్. నేను నేల మీద పడి ఉంటే ఆవిడ శత్రువు మీద ఫైర్ బోల్ట్ (నిప్పు మంత్రం) వేస్తుంది, అదీ తగలదు. హీలింగ్‌కి వేరే మనిషిని వెతుక్కోవాలా? ఎవరైనా దారి చెప్పండి, సేవ్ చేసి గేమ్ ఆపేసి కూర్చున్నాను.

డైస్_దొర

తమ్ముడూ, ముందు ఒకటి మనసులో పెట్టుకో. ఈ గేమ్‌లో క్లాసు ఎప్పుడైనా మారుతుంది, కానీ నువ్వు ఎవరి పక్షాన నిలబడ్డావో అది మారదు. నీ క్యాంపులో విథర్స్ ఉన్నాడుగా, 100 బంగారం చేతిలో పెడితే ఎవరి క్లాసునైనా మొదటి నుంచి కట్టుకోనిస్తాడు. మంత్రగాడు గేల్‌ని బార్బేరియన్ (మొరటు యోధుడు) చేసినా అడిగేవాడు లేడు. గ్రోవ్ తగలబడ్డాక దాన్ని వెనక్కి ఇచ్చేవాడు మాత్రం ఎవడూ లేడు.

గ్రోవ్ పోతే కార్లాక్, విల్‌లతో లెక్క ముగియదు. అక్కడి టీఫ్లింగుల్లో డామన్ అని ఒక కమ్మరి ఉంటాడు. కార్లాక్ గుండె ఇంజిన్‌ని ఇన్‌ఫర్నల్ ఐరన్‌తో బాగుచేసేది అతనే. రెండో అంకంలో లాస్ట్ లైట్ సత్రంలో మళ్లీ కనిపిస్తాడు, ఇంకో రిపేరు చేస్తాడు, మంచి సరుకు అమ్ముతాడు. దాడి జరిగితే ఇవన్నీ గోవిందా. పైగా నీది డివోషన్ ప్రమాణం. అమాయకుల మీద చెయ్యి పడిన క్షణమే అది విరిగిపోతుంది, ఓత్‌బ్రేకర్ నైట్ క్యాంపుకి వచ్చి కూర్చుంటాడు. ప్రమాణం తిరిగి కావాలంటే 1000 బంగారం అడుగుతాడు. ఆ డబ్బుతో విథర్స్ దగ్గర పదిసార్లు క్లాసు మార్చుకోవచ్చు!

ఇక నీ అసలు ప్రశ్న. వస్తుంది. గేమ్ 2023 ఆగస్టులో వచ్చినప్పుడు ఆమెకి సరైన దారి గ్రోవ్ దాడి ఒక్కటే. తర్వాత అప్‌డేట్‌లో గేమ్ తయారుచేసిన లారియన్ వాళ్లే ఇంకో దారి తెరిచారు: చంపకుండా స్పృహ తప్పించాలి. కింద హాట్‌బార్‌లో ప్యాసివ్స్ ట్యాబ్ తెరిస్తే నాన్-లెథల్ అటాక్స్ బటన్ ఉంటుంది. ఒక్కరికి ఆన్ చేస్తే నలుగురికీ అవ్వదు, ఒక్కొక్కరికీ విడిగా నొక్కాలి. చేతికందే దూరంలో కొట్టే దెబ్బలకే ఇది పనిచేస్తుంది. బాణం తగిలినా, మంత్రం తగిలినా చచ్చిపోతుంది. అందుకే ఆమె ప్రాణం సగానికి పడగానే గేల్‌ని, బాణాలేసే ఆస్టేరియన్‌ని దూరంగా పంపెయ్, చివరి దెబ్బ నువ్వో కత్తి పట్టే లేజెలో మామూలు కత్తిదెబ్బగా వెయ్యండి. స్పృహ తప్పాక ఆమెకి మిగిలేది ఒక్క పాయింటే, కాబట్టి కింద మంట గానీ విషపు మడుగు గానీ లేకుండా చూసుకో. అన్నట్టు ఆ గదికి వెళ్లే వంతెన కింద అగాధం ఉంది, పొరపాటున కూడా అటు నెట్టకు. యుద్ధ భేరీలు ముందే పగలగొట్టేస్తే ఊరంతా వచ్చి మీద పడదు.

తర్వాత మిగతా గోబ్లిన్ నాయకులు గట్, డ్రోర్ రాగ్జ్లిన్‌ల సంగతి చూసి, బోనులో ఎలుగుబంటిలా ఉన్న గ్రోవ్ పెద్ద హాల్సిన్‌ని విడిపించు.

రెండో అంకంలో, ఆబ్సొల్యూట్ అనే దేవతని కొలిచే శత్రువుల కోట మూన్‌రైజ్ టవర్స్‌కి గొడవ పడకుండా, వాళ్ల మనిషిలా వెళ్లు. వాళ్ల నాయకుడు కెథెరిక్ ముందు మింథారా విచారణ జరుగుతుంటుంది, ఆ తర్వాత కింద చెరసాలలో పడేస్తారు. అక్కడి నుంచి తప్పించాలి. నైట్‌సాంగ్ వ్యవహారం (ఆ అంకంలో పెద్ద మలుపు) తేల్చకముందే ఈ పని అయిపోవాలి, ఆ తర్వాత టవర్స్ మీద యుద్ధం మొదలైతే ఆమె దక్కదు.

బెజవాడ_బార్డ్

దొర గారు చెప్పింది కరెక్టే గానీ నాకు ఈ పద్ధతి నచ్చదండి. పిల్లల్ని కూడా వదలని సేనాధిపతిని, తర్వాత పనికొస్తుందని తెలిసి బతకనివ్వడం ఏంటి? అది ఆటగాడి తెలివి, పాత్ర తెలివి కాదు. మింథారా కావాలంటే రెండో సేవ్‌లో దుర్మార్గుడిగా ఆడి, ఆ దారిలో ఏం పోతాయో అవి పోగొట్టుకుని తెచ్చుకోవాలి. అప్పుడే ఆమె మాటలకి బరువు.

డైస్_దొర

బార్డ్ గారూ, ఇతనిది రోగ్ (దొంగ) పాత్ర అయితే మీతో ఒప్పుకునేవాణ్ణి. డివోషన్ ప్యాలడిన్ ఓడిపోయిన శత్రువుని చంపకుండా వదిలేస్తే అందులో వింతేముంది? ఈ దారికి కథలో కారణం అందరికన్నా బాగా కుదిరేది ఇతనికే. పైగా విడిపించిన తర్వాతి మింథారా వేరు. ఆబ్సొల్యూట్ తన బుర్రని ఎలా వాడుకుందో తెలుసుకుని రగిలిపోతూ ఉంటుంది. ఆమెది ఓత్ ఆఫ్ వెంజెన్స్ ప్యాలడిన్ అని మర్చిపోకండి, ఆ క్లాసు ఆమె కథకి అతికినట్టుంటుంది. నేనైతే ఆమె క్లాసు ముట్టుకోను.

కాఫీ_క్లెరిక్

షాడోహార్ట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. పాపం తప్పు ఆ పిల్లది కాదు, ఆమెకున్న ట్రిక్కరీ డొమైన్‌ది (మాయలు, మోసాల మీద నడిచే క్లెరిక్ శాఖ). విథర్స్‌కి 100 ఇచ్చి లైఫ్ డొమైన్‌కి (వైద్యం శాఖకి) మార్చెయ్యండి. కథలో ఒక్క ముక్క కూడా మారదు, షార్ దేవత భక్తురాలు షార్ భక్తురాలిగానే ఉంటుంది. ఫైర్ బోల్ట్ వదిలేసి మొదటి రౌండ్‌లోనే బ్లెస్ వెయ్యండి, ముగ్గురికీ దెబ్బ తగులుతుందో లేదో తేల్చే పాచికకి ఒక్కో డీ4 (నాలుగు ముఖాల పాచిక) కలుస్తుంది. మీరు పడిపోతే హీలింగ్ వర్డ్ దూరం నుంచే పనిచేస్తుంది, అదీ బోనస్ యాక్షన్‌తో. ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే దెబ్బతిని ఉంటే పోషన్ తాగకుండా వాళ్ల మధ్య నేలకేసి కొట్టండి, అందరికీ తగులుతుంది.

లాస్ట్ లైట్‌కి చేరాక మేడ మీద ఇసోబెల్‌తో మాట్లాడే ముందు డామన్ దగ్గర పనులన్నీ ముగించుకోండి. ఆమెతో మాట కలపగానే ఆమెని ఎత్తుకుపోవడానికి శత్రువులు వస్తారు. ఆమె పడిపోయిందంటే సత్రాన్ని కాపాడే వెలుగు ఆరిపోతుంది, డామన్ కూడా మిగలడు. మూడో అంకంలో మిన్స్క్ అనే సహచరుడు కావాలన్నా, ఆ సత్రంలో కలిసే జహైరా బతికి మీ వెంట ఉండాలి.

రాత్రిపూట_ప్యాలడిన్

అందరికీ థాంక్స్. బటన్ దొరికింది, నలుగురికీ ఆన్ చేశా. ఒక్క డౌట్: కార్లాక్ చేత గొడ్డలి విసిరిస్తే? అది కూడా చేతి దెబ్బ కిందకే వస్తుందా?

డైస్_దొర

రాదు. విసిరితే చచ్చిపోతుంది. దగ్గరికెళ్లి కొట్టమను.