కార్డు మీద ఆపరేషన్ అని చేతిలో డబ్బు గూడా తీసుకుంటుండారు, అందరం కలిసి అర్జీ పెడదామా?

కావలి_కుర్రోడు:
మా నాయనకి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంట్ వేశారు, ఎన్టీఆర్ వైద్యసేవ (గవర్నమెంటు ఫ్రీ వైద్యం పథకం, పాత ఆరోగ్యశ్రీ) కిందే. అప్రూవల్ వచ్చిందన్నారు, మళ్లా కౌంటర్లో మంచి రకం స్టెంట్ కావాలంటే తేడా మీరే కట్టుకోవాల అని క్యాష్ తీసుకున్నారు. రసీదు అడిగితే తెల్లకాయితం మీద అంకె రాసిచ్చారు, ఆసుపత్రి పేరు లేదు, స్టాంపు లేదు. సోమవారం కలెక్టరాఫీసు పీజీఆర్‌ఎస్‌లో (అర్జీలు తీసుకునేకాడ) ఒక్కణ్ణే అర్జీ ఇస్తే ఏమవుద్దో తెలుసు కదా, ఇట్టా జరిగినోళ్లు ఇంకెవరన్నా ఉంటే చెప్పండబ్బా.

ఒంగోలు_గిత్త:
మాకూ ఇదే కత. స్కానింగ్ బయట చేయించుకు రమ్మన్నారు, మందులు బయట కొనమన్నారు. టెస్టులు, మందులు, తిండి, డిశ్చార్జి అయినాక పది రోజుల మందులు, ఊరికి పోయే చార్జీలతో సహా ప్యాకేజీలోనే ఉంటాయని మాకు ఇంటికొచ్చినాక తెలిసింది. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినకాడ్నుంచి గవర్నమెంటు మారినప్పుడల్లా పేరు మారుస్తారు, కౌంటర్లో మాత్రం ఏం మారలా.

పెన్నాగట్టు:
ఆసుపత్రోళ్ల బాధ గూడా చూడాల. బకాయిలు రాలేదని 2025లో నెట్‌వర్క్ ఆసుపత్రులు (ఈ పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు) సేవలే ఆపేశాయి. గవర్నమెంటు టైముకి ఇవ్వదు, వాళ్లు మన జేబులో చెయ్యి పెడతారు. బిల్లులు గడువులోపల చెల్లించాల అని గూడా అర్జీలో రాయకపోతే సగం పనే.

ఉదయగిరి_అక్క:
మా మరిదికి డయాలసిస్. 10,000 పింఛను వస్తుంది, కాదనను, కానీ వారానికి మూడు తూర్లు కారు మాట్లాడుకుని పోవాలంటే అది యాడికి? ఈ మెట్ట ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగేవోళ్లం, దగ్గర్లో ఇంకో రెండు మిషన్లు పెట్టమనండి. అది గూడా రాయండి తమ్ముడూ.

లాయరుగుమాస్తా:
అర్జీతో ఆగబాకండి. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్ల సేవల్ని గూడా వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది, డబ్బు కట్టేవోళ్లు వచ్చే ఆసుపత్రిలో ఫ్రీగా చూపించుకున్నా సరే కేసు వేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు అయితే ఫీజు గూడా లేదు. ముందు కేస్ షీట్ రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లోపు ఇవ్వాల. వైద్యసేవ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు రాసిపెట్టుకోండి, నంబరు లేని కంప్లైంట్ గాలికి పోయినట్టే.

కావలి_కుర్రోడు:
సరే అయితే మూడు అడుగుదాం. డిశ్చార్జి రోజున మన పేరు మీద ఎంత క్లెయిమ్ చేశారో కాయితం మన చేతికివ్వాల, తీసుకున్న ప్రతి రూపాయికీ స్టాంపు రసీదు ఇవ్వాల, బకాయిలు గడువులో కట్టాల. డయాలసిస్ సంగతి విడిగా ఇంకో అర్జీ పెడదాం అక్కా, కలిపితే రెండూ నలిగిపోతాయి.

ఒంగోలు_గిత్త:
ఆసుపత్రిలో వైద్యమిత్ర (పథకం తరఫున కూర్చునే మనిషి) సీటు కాడ ఫ్రీ ట్రీట్‌మెంట్ అని బోర్డు ఉంటుంది కదా, దాని ఫోటో గూడా తెండి. మేం చూపించిన కాడ దానిముందు వాటర్ క్యాన్లు పేర్చి పెట్టుండారు.