ఈ వారం సమస్య (పద్యానికి చివరి పాదంగా రావాలి): ‘గోడ కూలగ గెలిచె నా కోటరాణి’

నిర్వాహకుడు: అహ్మద్‌నగర్ కోట ఫొటో చూస్తుంటే తట్టింది. కానివ్వండి.

గట్టుమీదికవి: 1595 డిసెంబరులో అక్బరు కొడుకు మురాదు ఆ కోటను ముట్టడిస్తే, లోపల నిలిచి కాచిన చాందు బీబి మీద నా పూరణ.

చాందు బీబిపై మొగలాయి సైన్య మురికె
పగలు పేలిన బురుజును బాగుచేసి
రాతిరంతయు ముసుగుతో రాళ్ళు పేర్చి
గోడ కూలగ గెలిచె నా కోటరాణి

చంపకమాల: మాస్టారూ, ‘ముసుగుతో’ దగ్గర ఆగిపోయాను. మొహాన ముసుగు, చేతిలో కత్తి, మందుపాతర పేలిన కంత దగ్గర నిలబడ్డ మనిషి కళ్లకు కట్టింది. కానీ మీ రాణి గోడ కట్టి గెలిచింది. సమస్య కూలగా గెలవమంటోంది!

గట్టుమీదికవి: కూలకపోతే కట్టేదేముంది తల్లీ?

కొత్తకలం: నాకు ఒక్క పాదమే కుదిరింది, ‘రాగి వెండి బంగారము పేల్చె పిదప’.

చంపకమాల: ‘పేల్చె’ తీసి ‘రాల్చె’ అనండి, పాదం మొదటి ‘రా’తో అక్షరం కలిసి యతి దానంతటదే కూర్చుంటుంది. గుండ్లయిపోతే ఫిరంగుల్లో నాణేలు కూరిందన్నది జనం చెప్పుకునే కథే అనుకోండి, పద్యానికి చాలు. ఇక నాది:

బీజపూరును గోల్కొండ వీడె పగను
సైన్య మొక్కటై కదలగ శత్రు వడలె
నడుమ నిలిచిన పంతాల నాపరాళ్ల
గోడ కూలగ గెలిచె నా కోటరాణి

నిర్వాహకుడు: నాపరాళ్ల గోడ! సమస్య ఇచ్చినప్పుడు నాకే తట్టలేదు. మన కులీ కుతుబ్‌షా సేన కూడా లెక్కలోకి వచ్చింది.

గట్టుమీదికవి: విరుపు బాగుంది, ఒప్పుకుంటా. అయితే బేరారు ప్రాంతాన్ని మొగలులకు రాసిచ్చి సంధి చేసుకుంటే ‘గెలిచె’ ఎలాగ? పైగా ఆవిడ అహ్మద్‌నగర్‌కు రాణి కాదు, ఆడపడుచు. మెట్టినిల్లు బీజాపూరు.

చంపకమాల: ‘రాణి’ అన్నది సమస్యలోని మాట, నిర్వాహకుడి గారిని అడగండి. 1596లో కోట దక్కింది, నాకది చాలు. 1600లో సొంతవాళ్లే ఆవిడను చంపాకే అది మొగలుల చేతికి పోయింది. ఇంతకీ పోయినవారం పద్యంలో గోండురాణి దుర్గావతిని గుర్రమెక్కించిన చరిత్రకారులెవరండీ? 1564లో ఆవిడ మొగలు సేనాని ఆసఫ్‌ఖాన్ మీదికి వెళ్లింది శర్మన్ అనే ఏనుగు మీద.

గట్టుమీదికవి: ‘గోండు’కు ‘ఏనుగు’ యతి పడదుగా! అందుకే గుర్రం.

కొత్తకలం: ‘కుంజరము’ పడుతుంది కదా మాస్టారూ?

గట్టుమీదికవి: ...ఆ రోజు కరెంటు పోయింది నాయనా, హడావిడిలో రాశాను.