24×34 ప్లాన్: పునాది తవ్వకముందు ఏమేం సర్దుకోవాలి?

కొత్తగుమ్మం (ప్రశ్న):

ప్లాన్ దాదాపు ఖాయమైంది. తవ్వకం మొదలుపెట్టేలోపు ఇంకో నాలుగు కళ్లు దాని మీద పడితే మంచిదని ఇక్కడ పెడుతున్నాను. బయటి కొలత 24×34 అడుగులు, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ఇంట్లో ఆరుగురం. ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్ల గది కిందే.

కింది అంతస్తు లోపలి కొలతలు ఇవి. హాలు 12×16. పెద్దవాళ్ల బెడ్‌రూమ్ 10×11, దాని బాత్‌రూమ్ 4×7. వంటిల్లు 7½×12, రెండు వైపులా గట్టు. డైనింగ్ 8×10. డైనింగ్ వెనక మెట్లు, 6½×10లో, మధ్యలో తిరిగేవి, మొత్తం 15. ల్యాండింగ్ (మెట్లు తిరిగే చోట ఉండే అరుగు) కింద ఇంకో టాయిలెట్. హాలు నుంచి 3 అడుగుల నడవా డైనింగ్ పక్కగా వెళ్లి మెట్ల మొదలు, వంటింటి గుమ్మం దగ్గర ఆగుతుంది, పొడవు 14 అడుగులు. కింది నేల నుంచి పై నేలకు ఎత్తు 10½ అడుగులు.

గీసినాయన అన్నీ పడతాయంటున్నారు. కాగితం మీద పడుతున్నాయి కూడా. మెట్లు మరీ నిటారుగా వస్తాయా? డైనింగ్‌లో ఆరుగురు కూర్చోగలరా? హాల్లో నాలుగు గుమ్మాలున్నాయి, సోఫా ఏ గోడకు వేయాలి? ఇవి కాక ఇంకేం కనిపించినా మొహమాటం లేకుండా చెప్పండి.

మెట్టుకొలత:

మెట్లు ముందు చూద్దామండీ. అవి కదిలితే పక్క గదులన్నీ కదులుతాయి.

10½ అడుగులంటే 126 అంగుళాలు. 15తో భాగిస్తే ఒక్కో మెట్టు ఎత్తు 8.4 అంగుళాలు. అది మెట్టు కాదు, నిచ్చెన. ఎక్కడం ఎలాగో ఎక్కుతారు, బిందె పట్టుకుని దిగేటప్పుడు తెలుస్తుంది. ఎత్తు 7 అంగుళాలకు తెస్తే 18 రైజర్లు (మెట్టు నిలువు ముఖాలు) వస్తాయి, వరసకు 9. తొమ్మిది రైజర్లకు ట్రెడ్లు (కాలు మోపే పలకలు) ఎనిమిదే, ఎందుకంటే తొమ్మిదో అడుగు ల్యాండింగ్ మీద పడుతుంది. ట్రెడ్ 10 అంగుళాల చొప్పున 80, ల్యాండింగ్ 39, మొత్తం 119 అంగుళాలు. అంటే 9 అడుగుల 11 అంగుళాలు. మీ పదడుగుల్లో ఒక్క అంగుళం మిగిలింది, ప్లాస్టరింగ్ దాన్నీ తినేస్తుంది.

నన్నడిగితే 20 రైజర్లు చేయండి. ఎత్తు 6.3, ట్రెడ్ 11. తొమ్మిది ట్రెడ్లకు 99, ల్యాండింగ్ 39, మొత్తం 11½ అడుగులు. రెండు రైజర్ల ఎత్తు, ఒక ట్రెడ్ వెడల్పు కలిపితే 23½ నుంచి 25 అంగుళాల మధ్య ఉండాలి. ఇక్కడ 23.6 వచ్చింది, నడకకు కుదురుతుంది.

ల్యాండింగ్ కింద టాయిలెట్ మాత్రం కుదరదు. మెట్లు ఎన్ని చేసినా సగం సగమే: 126లో సగం 63, అందులో ల్యాండింగ్ శ్లాబ్ మందం 6 పోతే 57 అంగుళాలు. 4 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఎవరు నిలబడతారు? అక్కడ చీపుర్లు, ఖాళీ అట్టపెట్టెలు, ఇన్వర్టర్ పెట్టుకోండి.

ఇంకొకటి. శ్లాబ్ పోసే ముందే ఫ్లోరింగ్ మందం లెక్కలో వేయించండి. గది నేలకు సిమెంటు, టైల్ కలిపి 2½ అంగుళాలు, మెట్టు మీద రాయి 1½ అంగుళం వేశారనుకోండి, కింద మొదటి మెట్టు అంగుళం పొట్టిదవుతుంది, పైన చివరిది అంగుళం పొడుగవుతుంది. కాలు తడబడేది సరిగ్గా అక్కడే.

బెత్తెడు:

మీ కొలతలు ఇటుక గోడల మధ్యవా, ప్లాస్టరింగ్ అయ్యాకవా? ప్లాన్ల మీద మామూలుగా ఇటుకదే రాస్తారు. గదిలో ప్లాస్టరింగ్‌కు పక్కకు అరంగుళం పోతుంది. బాత్‌రూమ్‌లో టైల్‌తో కలిపి పక్కకు అంగుళం. అంటే మీ 4 అడుగుల బాత్‌రూమ్ నిజానికి 46 అంగుళాలు.

పొడుగు గోడకు కమోడ్ పెడితే అది 28 అంగుళాలు ముందుకొస్తుంది. మిగిలింది 18. స్నానానికి అవతలికి వెళ్లాలంటే పక్కకు తిరిగి జరగాలి, పెద్దవాళ్లకు అది ప్రమాదం. వెడల్పు 5 అడుగులు చేస్తే కమోడ్ ముందు 30 అంగుళాలు దొరుకుతాయి. కమోడ్ మధ్య గీత నుంచి పక్క గోడకు 15 అంగుళాలకు తగ్గనివ్వకండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు వాళ్ల ఒళ్లే అడ్డం.

డైనింగ్: ఆరుగురి బల్ల 3×5 అనుకుందాం. 8 అడుగుల వెడల్పులో బల్ల పోగా పక్కకు 30 అంగుళాలు. మనిషి కూర్చున్న కుర్చీకి 24 పోతుంది. కూర్చోవచ్చు, లేవచ్చు, వెనక నుంచి చేతిలో గిన్నెతో మాత్రం ఎవరూ పోలేరు. పక్కనే నడవా ఉంది కదా, మధ్యలో ఆ నాలుగున్నర అంగుళాల గోడ ఎందుకు? తీసేయండి. 8, 3, గోడ మందం కలిసి 11 అడుగుల 4½ అంగుళాలు అవుతుంది. బల్ల పొడుగును ఆ వైపుకు తిప్పితే ఒక కొసన కుర్చీకి 30 అంగుళాలు వదిలినా రెండో కొసన 46 అంగుళాల దారి ఉంటుంది. నడవాకని పోయిన చోటు మళ్లీ ఇంట్లో కలుస్తుంది.

వంటిల్లు: టైల్స్ పోగా 88 అంగుళాలు, రెండు గట్లు 24 చొప్పున, మధ్యలో 40. ఒక్కరికి బాగుంటుంది, ఇద్దరుంటే వీపులు రాసుకుంటాయి. రెండో గట్టును 18కి తగ్గిస్తే 46 వస్తుంది, గ్రైండర్‌కు, డబ్బాలకు ఆ లోతు చాలు. ఫ్రిజ్ 30 లోతు ఉంటుంది, దాన్ని పొయ్యికి ఎదురుగా పెట్టకండి. గోడ మూలకు నొక్కినా తలుపు పూర్తిగా తెరుచుకోదు, లోపలి ట్రేలు బయటికి రావు.

20 రైజర్ల సంగతి నాకు అంత నచ్చలేదు. పెద్దవాళ్లు ఉండేది కిందే కదా. అడుగున్నర మెట్లకిస్తే డైనింగ్ 8½ అడుగులకు పడిపోతుంది.

మెట్టుకొలత:

ఇరవై ఏళ్లు పోతే ఆ పైగదిలో వాళ్లూ పెద్దవాళ్లే కదండీ.

ముగ్గుతాడు:

హాలు సంగతి చెప్తాను. గుమ్మాలు నాలుగున్నా ఫర్వాలేదు, గోడ మధ్యలో ఉంటేనే తంటా. 12 అడుగుల గోడ మధ్యలో 3½ అడుగుల గుమ్మం పెడితే అటు నాలుగూ పావు, ఇటు నాలుగూ పావు. ముగ్గురి సోఫా పొడవు 7 అడుగులు. గుమ్మాన్ని మూలకు జరిపి ద్వారబంధానికి ఆరంగుళాలు వదిలితే ఒకే పక్కన 8 అడుగుల గోడ దొరుకుతుంది. వీధి గుమ్మం, డైనింగ్ దారి ఒకే అంచున ఒక గీతలో పెట్టండి. నడిచే దారి 3 అడుగులు ఆ అంచునే పోతుంది, మిగతా 9×16లో కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఎవరూ నడవరు.

బెడ్‌రూమ్‌లో దీనికి తిరకాసు ఒకటుంది. తలుపు పక్క గోడకు వార్డ్‌రోబ్ పెట్టేట్టయితే మూల నుంచి ఆరంగుళాలు చాలవు, 2 అడుగుల 3 అంగుళాలు వదలాలి. మీ గదిలో 10 అడుగుల గోడకు తలవైపు పెట్టి 6×6½ మంచం వేస్తే పక్కలకు 48 అంగుళాలు మిగులుతాయి. చెరి సగం చేయకుండా ఒక వైపు 36, ఒక వైపు 12 ఉంచండి, వాకర్ పట్టుకుని దిగడానికి చోటుంటుంది. కాళ్లవైపు వార్డ్‌రోబ్ పోగా మిగిలేది 30 లోపే. అక్కడ జరిపే తలుపులే పెట్టించుకోండి.

పై బాత్‌రూమ్‌లు ఎక్కడున్నాయో రాయలేదు. కింది బాత్‌రూమ్ నెత్తినే ఉండాలి. మురుగు పైపుకు 40కి 1 వాలు, అంటే పదడుగులకు 3 అంగుళాల దిగుడు. పైపు 30 అడుగులు సాగితే 9 అంగుళాలు దిగాలి, అంత లోతు ఏ శ్లాబ్‌లో దాస్తారు?

కొత్తగుమ్మం:

చాలా మేలు చేశారు. నడవా గోడ తీసేస్తున్నాం, బాత్‌రూమ్ 5 అడుగులు చేస్తున్నాం. పైన రెండు బాత్‌రూమ్‌లు, ఒకటి కింది దాని మీదే, రెండోది డైనింగ్ మీద ఉంది. దాన్నీ ఇటు జరపమంటాను. మెట్ల దగ్గరే ఎటూ తేలలేదు. ఎత్తు 10½ బదులు 10 అడుగులే చేస్తే ఏమైనా నష్టమా?

మెట్టుకొలత:

నష్టం లేదు, గొడవే తీరుతుంది. 120 అంగుళాలను 18తో భాగిస్తే 6.67, నేను చెప్పిన 6.3కి దగ్గరే. ట్రెడ్ 10½ పెట్టండి: ఎనిమిదింటికి 84, ల్యాండింగ్ 39, మొత్తం 123. ప్లాస్టరింగ్‌కు ఇంకో అంగుళం. అంటే డైనింగ్ నుంచి తీసుకునేది 4 అంగుళాలే. 9 అడుగుల 8 అంగుళాలు ఉంటుంది, అడ్డంగా వేసిన బల్లకు చెరో పక్కన 40 అంగుళాలు. 20 రైజర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. శ్లాబ్ పోగా గది ఎత్తు తొమ్మిదిన్నర ఉంటుంది, ఫ్యానుకు ఇబ్బంది లేదు. పై బాత్‌రూమ్ పైపుల కోసం అక్కడ శ్లాబ్‌ను అడుగు దించినా దాని కింద ఎనిమిదిన్నర.

ముగ్గుతాడు:

ఆ నడవా గోడ నెత్తిన పై అంతస్తులో గోడ ఉందేమో చూడండి. ఉంటే దాని కింద బీమ్ రావాలి, బీమ్‌కు పిల్లర్లు కావాలి. ఇంజనీరు కొత్త స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఇచ్చేదాకా తవ్వకం ఆపండి. 9×12 అంగుళాల పిల్లర్ సన్న గోడలో పడితే గదిలోకి ఎటు పొడుచుకొస్తుందో అందులోనే చూసుకోవాలి. వార్డ్‌రోబ్ చోట పడితే షట్టర్ల కొలత మారిపోతుంది.

ఈలోగా స్థలంలో ముగ్గు పోయించండి, ఇటుక గీత కాదు, ప్లాస్టరింగ్ అయ్యాక ఉండే లోపలి గీత. బల్ల కొలతకు అట్టముక్కలు పరిచి, చుట్టూ నిజం కుర్చీలు ఆరు వేసి, ఆరుగురూ కూర్చుని ఒక్కొక్కరు లేచి చూడండి. తలుపు రెక్కంత అట్టను గుమ్మం గీత దగ్గర తిప్పి చూడండి. స్విచ్‌బోర్డు రెక్క వెనక పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. కొత్త ప్లాన్ రాగానే తేదీ వేసి పాత కాపీలు మేస్త్రీ దగ్గర నుంచి వెనక్కి తీసుకోండి. ఆయన జేబులో మడతపెట్టి ఉండేది ఎప్పుడూ పాతదే.