‘మంగళం భగవాన్ వీరో’: మూడో పాదం ఏది సరైనది?

ప్రశ్న: మా వీధిలో రెండు జైన కుటుంబాలు పెళ్లి శుభలేఖలు ఇచ్చాయి. ఒకదాంట్లో మంగళ శ్లోకం మూడో పాదం "మంగళం కుందకుందాద్యో" అనీ, రెండోదాంట్లో "మంగళం స్థూలిభద్రాద్యా" అనీ ఉంది. ఏది అచ్చుతప్పండీ?

జవాబు: రెండూ తప్పు కాదండీ. దిగంబరుల పాఠం ఇది:

మంగళం భగవాన్ వీరో
మంగళం గౌతమో గణీ
మంగళం కుందకుందాద్యో
జైనధర్మోఽస్తు మంగళమ్

వీరుడంటే మహావీరుడు. గౌతముడంటే ఆయన మొదటి గణధరుడు, అంటే ముఖ్య శిష్యుడు ఇంద్రభూతి, బుద్ధుడనుకోకండి. తర్వాత ఆచార్య పరంపర. రెండు శాఖలూ విడిపోయేది అక్కడే. శ్వేతాంబరులు పాటలీపుత్రానికి చెందిన స్థూలిభద్రుణ్ని తలుచుకుంటారు. ఛందస్సు అనుష్టుప్పు కాబట్టి పాదానికి 8 అక్షరాలు. పేరు మారినా లెక్క తప్పలేదు, గమనించారా!

దిగంబరులు తలుచుకునే ఆచార్యుడు కుందకుందుడిది అనంతపురం జిల్లా కొనకొండ్ల అని సంప్రదాయం. శ్రవణబెళగొళ శాసనాల్లో ఆయన పేరు ‘కొండకుంద’. ఊరి పేరే ఆయన పేరై, సంస్కృతంలో కుందకుంద అయింది. ఆ ఊరి రససిద్ధుల గుట్ట మీద జిన (తీర్థంకర) విగ్రహాలున్నాయి. ఎక్కడో రాజస్థాన్‌లో అచ్చయ్యే శుభలేఖల్లో మన సీమ పల్లె ఒకటి దాగి ఉందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఒక సభ్యురాలు: మంగళం మనం చివర్లో పాడతాం కదండీ? "మంగళం పాడేశారు" అంటే అయిపోయిందనేగా!

జవాబు: కావ్యం మొదట్లో చేసేదీ మంగళాచరణమే కదమ్మా. పైగా జైనులు నిత్యం చదివే ప్రాకృత పాఠంలో మంగళాలు నాలుగు: అరిహంతులు (రాగద్వేషాలను జయించినవారు), సిద్ధులు (మోక్షం పొందినవారు), సాధువులు, కేవలులు (సర్వజ్ఞులు) చెప్పిన ధర్మం. "అరిహంతా మంగళం, సిద్ధా మంగళం, సాహూ మంగళం, కేవలిపణ్ణత్తో ధమ్మో మంగళం" అని సాగుతుంది. సంతానమో సంపదో ఇమ్మని అందులో ఎక్కడా ఉండదు. శుభలేఖ శ్లోకంలోనూ అంతే.

పెళ్లి తంతులోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. దిగంబరుల వేదిక మీద ‘వినాయక యంత్రం’ పెడతారు. పేరు విని గణపతి పూజ అనుకుంటాం, కానీ అర్చన పంచపరమేష్ఠులకు, అంటే అరిహంతులు, సిద్ధులు, ఆచార్యులు, ఉపాధ్యాయులు, సాధువులకు. తర్వాత కొంగుముడి, హస్తమిలాప్ (చేతులు కలపడం), అగ్ని చుట్టూ ఫేరాలు (ప్రదక్షిణలు). ఆరు ఫేరాలదాకా వధువే ముందు నడుస్తుంది. అక్కడ ఆగి, ఒకరికొకరు ఏడేసి వచనాలు చెప్పి ఒప్పించుకుంటారు. అప్పుడే ఏడో ఫేరా, అందులో వరుడు ముందు. గుజరాతీ జైనుల్లో మాత్రం ఫేరాలు నాలుగే, వాటిని ‘మంగళ్ ఫేరా’ అనే అంటారు.