శనివారం మొదటి ఆన్‌లైన్ థెరపీ సెషన్. ఏం జరుగుతుందో ఎవరైనా చెప్తారా?

ప్రశ్న (గచ్చిబౌలి నుంచి):
రెండు నెలలుగా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ మొదలవుతోంది. సోమవారం స్టాండప్ కాల్‌లో (టీమంతా ఒక్కొక్కరుగా పని చెప్పే చిన్న మీటింగ్) నా వంతు వచ్చేలోపు చేతులు చల్లబడిపోతున్నాయి. ఈసీజీ బాగానే ఉంది. "టెన్షన్ తగ్గించుకో బాబూ" అని డాక్టర్ పంపించేశారు. అది చేతనైతే ఆయన దగ్గరికెందుకు పోతాను? ఒక యాప్‌లో శనివారం 11 గంటలకు వీడియో సెషన్ బుక్ చేశాను. డబ్బు కట్టిన దగ్గర్నుంచి ఇంకో కంగారు పట్టుకుంది. ఏం అడుగుతారు? ఏడుపొస్తే ఏంటి పరిస్థితి? ఆఫీసులో తెలిసిపోతుందా? అమ్మానాన్నలతో ఉంటాను, వాళ్ళకి ఇంకా చెప్పలేదు.

జవాబు (విజయవాడ నుంచి):
తమ్ముడూ, నేను ఎనిమిది నెలలు తీసుకున్నాను. మొదటి రోజు ఉపశమనం వస్తుందనుకుని కూర్చోకు. ఆ ముప్పావుగంట దాదాపు మొత్తం వాళ్ళు అడగడం, నువ్వు చెప్పడమే. నిద్ర, తిండి, కాఫీ, మందులు, ఇది ఎప్పటినుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా... ఇలాంటివే. అయిపోయాక నాకైతే "ఇంతేనా? 1,200 పెట్టి నా కథ నేనే చెప్పుకున్నానా?" అనిపించింది. రెండోదానికి ఎగ్గొడదామనుకున్నాను కూడా.

ముందుగా ఒక ఫారం పంపుతారు. అందులో అత్యవసరానికి ఇంట్లోవాళ్ళ నంబరు అడిగితే భయపడకు. ప్రాణాపాయం అనిపిస్తే వాడటానికే అది. జీఏడీ-7 అని ఆందోళన ఎంతుందో కొలిచే ఏడు ప్రశ్నలు కూడా ఉండొచ్చు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా అని ఒక్కోదానికి 0 నుంచి 3 వేసుకోవాలి, మొత్తం 21కి. 10 నుంచి 14 వస్తే ఒక మోస్తరు ఆందోళన అంటారు. అది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు, నెల తర్వాత మళ్ళీ వేసి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

నాకు పట్టు దొరికింది రెండో సెషన్‌లో. "నాకు యాంగ్జైటీ అండీ" అన్నాను. "ఆ మాట పక్కన పెట్టండి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? భయమా, బెంగా, గాభరానా?" అన్నారు మా థెరపిస్ట్. గాభరా అన్నాను. "ఒంట్లో ఎక్కడ మొదలవుతుంది?" పొట్టలో. "ఎప్పుడు?" ఆలోచిస్తే, ఫోన్ వైబ్రేట్ అయినప్పుడల్లా! వారం రోజులు గీతలు గీసి రాయమన్నారు: టైమెంత, ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నావు, గాభరా పదికి ఎంత. పద్నాలుగు సార్లు రాశాను. పద్నాలుగు సార్లూ నేననుకున్నది ఒకటే, "మేనేజరే, తిట్టడానికే". తీరా చూస్తే మేనేజర్ మెసేజ్‌లు మూడు, అందులో తిట్టు ఒకటి. మిగతావి గ్యాస్ బుకింగ్, బ్యాంకు, మా అత్తగారి గుడ్ మార్నింగ్ పువ్వులు. సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే థెరపీ పద్ధతి) అంటే చాలావరకు ఇలాంటి హోంవర్కే. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు అంటారు.

ఏడుపొస్తే ఏడువు. వాళ్ళకది రోజూ చూసేదే.

జవాబు (వరంగల్ నుంచి):
భయ్యా, అవతల ఉన్నది ఎవరో ముందు చూసుకో. మన దగ్గర కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటది, అడిగితే తప్పేం కాదు. చెప్పడానికి నసిగితే వేరేవాళ్ళను చూసుకో. వీళ్ళు మందులు రాయరు, దానికి సైకియాట్రిస్ట్ కావాలె, ఆయన డాక్టరు. ఈసీజీతో ఆగకుండా థైరాయిడ్ కూడా చూపించుకో. అది ఎక్కువున్నా దడ, చేతుల వణుకు ఇట్లనే వస్తయి.

ఆఫీసు సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ కింద చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి, ప్రాణహాని లాంటి కొన్ని సందర్భాలు తప్ప. కానీ చట్టం వేరు, యాప్ వేరు. కంపెనీ ఇచ్చిన కూపన్‌తో బుక్ చేసినవా? అయితే హెచ్ఆర్‌కు ఏమేం వెళ్తాయో రాతపూర్వకంగా అడుగు. ఆఫీసు మెయిల్, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకు.

జవాబు (ఊరు చెప్పలేదు):
రోజూ ప్రాణాయామం చేస్తే సరిపోయేదానికి ఇదంతా వ్యాపారం.

జవాబు (విజయవాడ):
ప్రాణాయామం నేనూ చేస్తానండీ. సెషన్‌లో కూడా ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. మేనేజర్ మెసేజ్ చూసి ఏమనుకుంటున్నానో మాత్రం అది చెప్పలేదు. వ్యాపారం అన్నమాట కొంత నిజమే. తమ్ముడూ, తగ్గింపు ఉందని పది సెషన్ల ప్యాకేజీ ముందే కొనేయకు. మూడు చూడు, కుదరకపోతే వాళ్ళతోనే ఆ మాట చెప్పు. మంచివాళ్ళయితే నొచ్చుకోరు, ఇంకొకరి పేరు చెప్తారు.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ అక్కా. కూపన్ కాదు, సొంత డబ్బే. మా ఇంట్లో గోడలు అగ్గిపెట్టెలా ఉంటాయి, ఎక్కడ కూర్చుని మాట్లాడాలి?

జవాబు (విజయవాడ):
నేను కారులో కూర్చునేదాన్ని. సెల్లార్‌లో సిగ్నల్ రాక బయట వేపచెట్టు కింద ఆపితే, వాచ్‌మన్ అద్దం కొట్టి "ఏం మేడం, ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఆ రోజు సెషన్‌లో ఇద్దరం నవ్వుకున్నాం. ఇంట్లోనే అయితే ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, హాల్లో టీవీ నడుస్తున్న టైం చూసుకో. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. లైన్ తెగిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో మొదట్లోనే అనుకోండి.

జవాబు (డాలస్ నుంచి):
అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఇక్కడ లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది. సెషన్ టైంలో మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో అదే లెక్క. గుంటూరు వెళ్ళిన నెల రోజులూ మా థెరపిస్ట్ సెషన్ కుదరదన్నారు. సెలవుకి ముందే అడిగి పెట్టుకోండి.

జవాబు (వరంగల్):
ఇంకోటి మర్చిపోయిన. రాత్రి రెండింటికి యాప్‌లో మెసేజ్ పెడితే జవాబు పొద్దున్నే వస్తది. తట్టుకోలేనట్టున్నా, చచ్చిపోవాలనిపించినా పొద్దున దాకా ఆగకు. 14416 చెయ్, టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌కు డబ్బు లేనివాళ్ళు కూడా చేయొచ్చు.

ప్రశ్న అడిగినతను (శనివారం మధ్యాహ్నం):
అయింది. జీఏడీ-7 స్కోరు 13. నిద్ర గురించే పావుగంట అడిగారు. రోజుకి ఆరు కాఫీలని చెప్పడానికి సిగ్గేసింది. మధ్యలో అమ్మ ఉప్మా ప్లేటుతో తలుపు తోసుకుని వచ్చింది. థెరపిస్టే "అమ్మగారికి ఒకసారి నమస్కారం చెప్పమంటారా, లేక ఆఫీసు మీటింగ్ అంటారా? మీ ఇష్టం" అని టైప్ చేశారు. మీటింగ్ అన్నాను, ఇప్పటికి. నాక్కూడా ఆ గీతల హోంవర్కే ఇచ్చారు. అక్కా, మీరు ఫోన్‌లో రాశారా, పుస్తకంలోనా?

జవాబు (విజయవాడ):
పుస్తకంలోనే. రాద్దామని ఫోన్ తీస్తే మెయిల్ చూస్తావు.