ఫుడ్ సేఫ్టీ వాళ్లొచ్చి నోటీసు ఇచ్చారు. హోటల్ మూసేస్తారా?

పాలకొల్లు కుర్రాడు:
పాలకొల్లు దగ్గర రోడ్డు పక్కన మాకు చిన్న హోటల్ ఉందండి. పొద్దున్న టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పలావు, వేపుళ్లు. వంటగది బాబాయిది, కౌంటరు నాది. పోయిన వారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వచ్చారు. లైసెన్సు గోడ మీద ఉంది, బిల్లు మీద నంబరు కూడా ఉంది, వాటి గురించి ఏమీ అనలేదు. నేరుగా ఫ్రిజ్ తలుపు తీశారు. పై అరలో ఒలిచిన పచ్చి రొయ్యల బేసిన్, కింద అరలో మూతలేని గ్రేవీ. రొయ్యల నీళ్లు కారి గ్రేవీ గిన్నె అంచు మీద చారలు కట్టాయని ఫోటో తీసుకున్నారు. బోరు నీళ్ల రిపోర్టు, పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు అడిగారు. మా దగ్గర లేవు. చికెన్ వేపుడు శాంపిల్ పట్టుకెళ్లారు. ఇప్పుడు ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 32 కింద నోటీసు వచ్చింది, గడువు 14 రోజులు.

పక్క హోటలాయన 'ఎవరినన్నా పట్టుకుని మాట్లాడించుకో' అంటున్నాడు. బాబాయేమో 'ఇన్నేళ్లలో మన దగ్గర తిని ఎవరికేమైంది' అని కూర్చున్నారు. సంక్రాంతి ముందు మూతపడితే ఏడాది సంపాదన పోయినట్టే. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం బుల్లోడు:
ఒకసారి మాట్లాడించుకుంటే ప్రతి పండక్కీ మాట్లాడించుకోవాలి. ఆయ్, ఆ లెక్క వేసుకుని దిగండి.

అమలాపురం మెస్ అక్కయ్య:
తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకో. ఇది ఇంప్రూవ్‌మెంట్ నోటీసు. ఫలానావి సరిచేయమని చెప్పడమే, మూసేయమని కాదు. 14 రోజులకు తక్కువ గడువు ఇవ్వడానికి చట్టమే ఒప్పుకోదు. ఆలోపు చేయకపోతే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, అప్పటికీ వినకపోతే రద్దు. 15 రోజులు, నోటీసు గడువు, ఈ రెండిట్లో ఏది ముందు ముగిస్తే ఆలోపు (అంటే నీకు 14 రోజుల్లోపే) ఫుడ్ సేఫ్టీ కమిషనరుకి అప్పీలు చేసుకోవచ్చు గానీ, ఆ ఫోటో వాళ్ల దగ్గరుండగా ఏమని చేస్తావు? అన్నీ సరిచేసి, ఫోటోలు, రసీదులు జతచేసి జవాబివ్వు. అందినట్టు సంతకం తీసుకో.

కాగితాలు తేలిక. నీళ్లు ల్యాబుకిచ్చి ఐఎస్ 10500 (తాగునీటి ప్రమాణం) ప్రకారం రిపోర్టు తెచ్చుకో, ఆర్నెల్లకోసారి. మన వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరు ఉప్పగా ఉంటుంది, రిపోర్టు బాగోకపోతే వంటకి వేరే నీళ్లు చూసుకోవాల్సిందే. పనివాళ్లకి ఏడాదికోసారి డాక్టరు సర్టిఫికెట్, టీకా షెడ్యూలు ప్రకారం టైఫాయిడ్ టీకా.

అసలు కష్టమంతా ఫ్రిజ్‌తోనే. పచ్చివి అడుగు అరలో, వండినవి పైన, మూతపెట్టి, తేదీ, టైము రాసిన స్టిక్కరు అంటించి. లోపల థర్మామీటరు పెట్టు, 5 డిగ్రీలు దాటకూడదు. మీ బాబాయి వేడి గ్రేవీ గుండిగతో సహా ఫ్రిజ్‌లోకి తోస్తారా? మా వంటమాస్టారూ అంతే. తెల్లారి గరిటె దించి చూస్తే పైన చల్లగా, నడిమధ్య ఇంకా గోరువెచ్చగా ఉండేది. క్రిములకి కావాల్సిందే ఆ గోరువెచ్చన. వెడల్పు పళ్లేల్లో పల్చగా పోసి, గబగబా చల్లార్చి పెట్టించు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరుగుతాయి, ఫ్రిజ్ తిరగదు. ఎంతసేపు పోయిందో తలుపు మీద రాసుకోండి.

ఇంకోటి. బయట వదిలేసిన రాత్రి అన్నంతో పొద్దున్న ఫ్రైడ్ రైస్ వద్దు. అందులో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి వదిలే విషం పెనం మీద ఎంత వేపినా చావదు, వాంతులు పట్టుకుంటాయి. 'చద్దన్నం తిని పెరిగాం' అంటారు బాబాయి, నాకు తెలుసు. చద్దన్నం పులుస్తుంది, ఆ పులుపే చాలా క్రిముల్ని ఎదగనివ్వదు. బేసిన్‌లో పడున్న పొడన్నానికి ఆ కాపలా లేదు.

రాజోలు రాజు:
అక్కా, వేపుడు నూనె తగ్గినప్పుడల్లా కొత్త నూనె కలుపుతాం మేము. పర్లేదా? మిఠాయిల్లో వేసే రంగు చికెన్‌లో వేస్తే తప్పేంటి?

అమలాపురం మెస్ అక్కయ్య:
పాత నూనెలో కొత్తది పోస్తే కొత్తదీ తొందరగా పాడవుతుంది రాజూ. 2018 జూలై నుంచి నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే పాడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని రూలు. మీటరు ముంచితే అంకె అక్కడికక్కడే కనబడుతుంది. నురగ, పొగ, జిగురు కనబడితే మీటరు దాకా ఆగొద్దు. ఇక రంగు. మిఠాయిల్లో కొన్ని రంగులకి కిలోకి 100 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. చికెన్ వేపుడుకి, బిర్యానీకి ఏ సింథటిక్ రంగుకీ లేదు. పండగకి బూందీలో వేసిన డబ్బానే వంటగదిలోకి వస్తుంది, అక్కడే పట్టుబడతారు.

తణుకు లాయరు:
శాంపిల్ సంగతి నేను చెబుతాను. దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ధర మీకు చెల్లించాలి. ఒక భాగం ఫుడ్ ఎనలిస్టుకి (ల్యాబులో పరీక్ష చేసే అధికారి), రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసరు (ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పైఅధికారి) దగ్గరికి వెళ్తాయి. నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబుకి పంపమని మీరు అడగొచ్చు. ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. తేడా వస్తే, రిపోర్టు మీకందిన 30 రోజుల్లో అప్పీలు. శాంపిల్ కేసు వేరు, నోటీసు వేరు. ఒకటి తీరిందని రెండోది వదిలేయకండి.

పాలకొల్లు కుర్రాడు:
అందరికీ థాంక్సండి. బాబాయికి చదివి వినిపించాను. అరలు మార్చారు, పళ్లేలు కొన్నారు. రంగు దగ్గర మాత్రం 'ఎరుపు లేకపోతే ప్లేటు ముట్టరు' అంటున్నారు.

అమలాపురం మెస్ అక్కయ్య:
బ్యాడిగి మిరపకాయలు (రంగు ఎక్కువ, కారం తక్కువ) గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టి ముద్ద నూరమను. ముద్ద నూనెలో సన్నమంట మీద వేగాకే ముక్కలు వేయాలి. కారం చాలకపోతే గుంటూరుది కొంచెం కలుపుకోండి. రేటు ఎక్కువే, ప్లేటుకి ఐదు రూపాయలు పెంచు, ఎవరూ గొడవ పెట్టరు.